బాలికలు, అంతరిక్ష విజ్ఞానం ఇతివృత్తంగా గల బొమ్మల పుస్తకాలు

బాలికలు, అంతరిక్ష విజ్ఞానం ఇతివృత్తంగా గల బొమ్మల పుస్తకాలు బాలసాహిత్యంలో ఒక విభాగం. ఆకాశాన్ని పరిశీలించిన, వ్యోమనౌకల ప్రయాణానికి లెక్కలు కట్టిన, వాటికి సాఫ్ట్‌వేర్ వ్రాసిన, స్వయంగా అంతరిక్షానికి వెళ్ళి వచ్చిన స్త్రీల జీవితకథలను గాని, అటువంటి ఆసక్తి గల బాలికల కల్పిత కథలను గాని ఈ పుస్తకాలు బొమ్మల సాయంతో చెబుతాయి. నాలుగు మొదలు పది సంవత్సరాల వరకు వయసు గల పిల్లలు వీటికి ప్రధాన పాఠకులు. అమెరికా, బ్రిటన్ దేశాలలో 2010 తరువాత ఇవి అధిక సంఖ్యలో వెలువడినాయి. అంతరిక్ష కార్యక్రమాలలో స్త్రీలు మొదటినుండి పనిచేసినప్పటికీ వారి పేర్లు, ముఖాలు చాలాకాలం పాటు పాఠ్యపుస్తకాలలో కనిపించలేదు. ఆ లోటును తీర్చడం ఈ పుస్తకాల ముఖ్యోద్దేశం. వీటిలో మేలైనవి బాలికలకు కలలు కనమని చెప్పడంతో సరిపెట్టక, ఆ కల నెరవేరడానికి కావలసిన పని ఎటువంటిదో కూడా చూపుతాయి.

బొమ్మల పుస్తకం స్వరూపం

బొమ్మలు ఉన్న ప్రతి పుస్తకాన్నీ బొమ్మల పుస్తకం అనరు. కథలో కొంత భాగాన్ని మాటలు, మిగిలిన భాగాన్ని బొమ్మలు చెప్పాలి. రెండింటినీ కలిపి చదివితేనే కథ పూర్తవుతుంది. ఆంగ్లంలో ఇటువంటి పుస్తకాలు సాధారణంగా 32 పేజీలు ఉంటాయి. పెద్ద కాగితంపై ఒకేసారి ముద్రించి మడిచి కత్తిరించే పద్ధతిలో పేజీల సంఖ్య ఎనిమిదికో పదహారుకో గుణిజంగా ఉండవలసి రావడమే దీనికి కారణం. పిల్లలకు బొమ్మల ద్వారా లోకజ్ఞానం కలిగించాలన్న ఆలోచన పాతదే. విద్యావేత్త కొమీనియస్ 1658లో ప్రచురించిన 'ఓర్బిస్ సెన్సువాలియం పిక్టస్' ఈ కోవలో తొలి పుస్తకాలలో ఒకటిగా ప్రసిద్ధి పొందింది.

జీవితకథలను చెప్పే పుస్తకాలలో కథ ముగిసిన తరువాత ఒకటి రెండు పేజీలలో ఆ వ్యక్తి జీవితంలోని ముఖ్య సంఘటనలు, సంవత్సరాలు, కొన్నిచోట్ల ఛాయాచిత్రాలు ఇవ్వడం ఆనవాయితీ. కథను పిల్లలు వింటారు. చివరి పేజీలు పెద్దలకు, పై తరగతుల విద్యార్థులకు ఉపయోగపడతాయి.

నేపథ్యం

అంతరిక్షానికి వెళ్ళిన మొదటి స్త్రీ సోవియట్ యూనియన్‌కు చెందిన వాలెంటీనా తెరిష్కోవా. ఆమె 1963 జూన్ 16న వొస్తోక్-6లో బయలుదేరి భూమి చుట్టూ 48 ప్రదక్షిణలు చేసింది. అమెరికాలో స్త్రీలకు ఈ అవకాశం రావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. నాసా 1978లో ఎంపిక చేసిన 35 మంది వ్యోమగాములలో తొలిసారిగా ఆరుగురు స్త్రీలు చోటు పొందారు. వారిలో ఒకరైన సాలీ రైడ్ 1983 జూన్ 18న ఛాలెంజర్ నౌకలో వెళ్ళి అంతరిక్షంలో ప్రవేశించిన మొదటి అమెరికన్ మహిళ అయింది. 1984 అక్టోబరు 11న కాథరిన్ సలివన్ నౌక వెలుపలికి వచ్చి పనిచేసిన మొదటి అమెరికన్ మహిళగా పేరు పొందింది.

సాలీ రైడ్ తన అనుభవాలను పిల్లలకు స్వయంగా చెప్పదలచి, సూసన్ ఓకీతో కలిసి 'టు స్పేస్ అండ్ బ్యాక్' అనే పుస్తకాన్ని 1986లో ప్రచురించింది. ఛాలెంజర్ నౌక కూలి ఏడుగురు వ్యోమగాములు మరణించినది కూడా అదే సంవత్సరం జనవరి 28న. ఈ పుస్తకంలో చిత్రకారుడు గీసిన బొమ్మలకు బదులు ఛాయాచిత్రాలు ఉన్నాయి. అంతరిక్షంలో ఎలా తింటారు, ఎలా నిద్రిస్తారు వంటి పిల్లల ప్రశ్నలకు సూటిగా సమాధానాలు లభిస్తాయి. తరువాతి కాలంలో ఆమె టామ్ ఒషానెస్సీతో కలిసి గ్రహాల గురించి మరికొన్ని బాలల పుస్తకాలు వ్రాసింది. 2001లో బాలబాలికలలో, ప్రత్యేకించి బాలికలలో, విజ్ఞానశాస్త్రంపై ఆసక్తి పెంచడానికి 'సాలీ రైడ్ సైన్స్' అనే సంస్థను స్థాపించిన వారిలో ఆమె ముఖ్యురాలు. ఆమె 2012 జూలై 23న మరణించింది.

కల్పిత కథలలో జొయానా కోల్ రచించి బ్రూస్ డీగెన్ బొమ్మలు వేసిన 'ది మ్యాజిక్ స్కూల్ బస్ లాస్ట్ ఇన్ ది సోలార్ సిస్టమ్' (1990) పేర్కొనదగినది. ఇందులో మిస్ ఫ్రిజిల్ అనే ఉపాధ్యాయిని తన తరగతి పిల్లలను బస్సులో సౌరకుటుంబం చూపించడానికి తీసుకువెళుతుంది. దారిలో ఆమె తప్పిపోగా, జానెట్ అనే బాలిక ఉపాధ్యాయిని వ్రాసుకొన్న పాఠం పుస్తకాన్ని వెదికి పట్టుకొని మిగిలిన ప్రయాణాన్ని నడిపిస్తుంది.

జీవితకథలు

కాథరిన్ జాన్సన్

ఈ విభాగంలో ఎక్కువ పుస్తకాలకు నాయిక అయిన వారిలో గణిత శాస్త్రవేత్త కాథరిన్ జాన్సన్ ఒకరు. ఆమె 1918 ఆగస్టు 26న అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో జన్మించింది. ఆమె ఊరిలో నల్లజాతి పిల్లలకు ఎనిమిదవ తరగతి తరువాత చదువుకొనే వీలు లేదు. అందువలన కుటుంబం వేరొక పట్టణంలో నివాసం ఏర్పరచుకొని పిల్లలను చదివించింది. కాథరిన్ పదవ ఏటనే హైస్కూలులో చేరి, పద్ధెనిమిదవ ఏట పట్టభద్రురాలయింది. 1953లో లాంగ్లీ పరిశోధనాలయంలో ఉద్యోగంలో చేరింది. ఆ రోజులలో 'కంప్యూటర్' అన్నది ఒక ఉద్యోగం పేరు. కాగితం, పెన్సిలు, లెక్కల యంత్రం సాయంతో గణనలు చేసే వారిని ఆ పేరుతో పిలిచేవారు. లాంగ్లీలో నల్లజాతి స్త్రీ గణకులను వేరే విభాగంలో కూర్చోబెట్టేవారు. 1958లో నాసా ఏర్పడినప్పుడు ఈ వేర్పాటు రద్దయింది.

1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగి రావలసిన ప్రయాణానికి లెక్కలను ఎలక్ట్రానిక్ కంప్యూటర్ కట్టింది. ఆ అంకెలను కాథరిన్ చేత కూడా సరిచూపించి, ఆమె సరేనంటేనే బయలుదేరతానని గ్లెన్ కోరాడు. మనిషి యంత్రాన్ని తనిఖీ చేసిన ఈ ఘట్టం పిల్లలను బాగా ఆకర్షించేది కనుక పుస్తకాలలో దీనికి ప్రముఖ స్థానం లభించింది. ఆమెకు 2015లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారమైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ లభించింది. 2020 ఫిబ్రవరి 24న 101వ ఏట మరణించింది.

హెలెయిన్ బెకర్ రచన 'కౌంటింగ్ ఆన్ కాథరిన్' (2018) కనిపించిన ప్రతిదానినీ లెక్కపెట్టే చిన్నపిల్లగా ఆమెను పరిచయం చేస్తుంది. దీనికి డౌ పుమిరుక్ బొమ్మలు వేసింది. సుజాన్ స్లేడ్ రచన 'ఎ కంప్యూటర్ కాల్డ్ కాథరిన్' (2019) తప్పు లెక్కలను అన్యాయానికి గుర్తుగా వాడుకొంటుంది. కూడిక తప్పితే పిల్లలకు వెంటనే తెలుస్తుంది. రంగును బట్టి మనుషులను వేరుచేయడం కూడా అంతే స్పష్టమైన తప్పు అని వేరే వివరణ లేకుండానే వారు గ్రహిస్తారు.

మార్గట్ లీ షెటర్లీ 2016లో పెద్దల కొరకు వ్రాసిన 'హిడెన్ ఫిగర్స్' బొమ్మల పుస్తకంగా 2018లో వచ్చింది. డొరొతీ వాన్, మేరీ జాక్సన్, కాథరిన్ జాన్సన్, క్రిస్టీన్ డార్డెన్ అనే నలుగురి కథ ఇందులో ఉంది. బొమ్మలు వేసిన లారా ఫ్రీమన్‌కు 2019లో కొరెటా స్కాట్ కింగ్ పురస్కారాలలో ఆనర్ గుర్తింపు లభించింది.

మార్గరెట్ హామిల్టన్

డీన్ రాబిన్స్ వ్రాసి లూసీ నిస్లీ బొమ్మలు వేసిన 'మార్గరెట్ అండ్ ది మూన్' (2017) అపోలో నౌకల సాఫ్ట్‌వేర్ బృందానికి నాయకత్వం వహించిన మార్గరెట్ హామిల్టన్ జీవితకథ. ఆమె మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ప్రయోగశాలలో పనిచేసింది. ఆమె బృందం వ్రాసిన ప్రోగ్రాముల కాగితాల దొంతర ఆమెతో సమానమైన ఎత్తులో, ఆమె ప్రక్కనే నిలబెట్టి ఉన్న 1969 నాటి ఛాయాచిత్రం జగద్విఖ్యాతం.

1969 జూలై 20న అపోలో-11 చంద్రునిపై దిగడానికి కొద్ది నిమిషాల ముందు నౌకలోని కంప్యూటర్ 1202 అనే హెచ్చరికను చూపింది. చేయగలిగిన దానికంటే ఎక్కువ పని తనపై పడిందని దాని అర్థం. ఆ సమయంలో కంప్యూటర్ తక్కువ ప్రాధాన్యం గల పనులను ప్రక్కన పెట్టి, దిగడానికి అవసరమైన పనులను కొనసాగించింది. పరీక్ష రేపనగా ఇంటిపనులన్నీ ఒక్కసారిగా మీద పడితే విద్యార్థి ముందు చదువు సంగతి చూసుకొన్నట్లే ఇది. కంప్యూటర్‌కు ఆ వివేకాన్ని ముందుగానే సమకూర్చి పెట్టడమే సాఫ్ట్‌వేర్ రచయితల పని.

మార్గరెట్ తన చిన్నారి కుమార్తె లారెన్‌ను ప్రయోగశాలకు తీసుకువెళ్తూ ఉండేది. ఒకసారి ఆ పాప ఆటగా మీటలు నొక్కగా నమూనా యంత్రం ఆగిపోయింది. ప్రయాణంలో వ్యోమగామి కూడా అదే పొరపాటు చేయవచ్చునని మార్గరెట్ గుర్తించి, దానిని అడ్డుకొనే ఏర్పాటు చేయాలని కోరింది. శిక్షణ పొందిన వ్యోమగాములు అటువంటి తప్పు చేయరని అధికారులు భావించారు. 1968 డిసెంబరులో అపోలో-8 ప్రయాణంలో జిమ్ లోవెల్ సరిగ్గా ఆ పొరపాటే చేశాడు. పొరపాటును ముందుగా ఊహించడం శాస్త్ర సాంకేతిక రంగాలలో ఎంత అవసరమో ఈ ఉదంతం తెలుపుతుంది.

మే జెమిసన్

రోడా అహ్మద్ రచన 'మే అమాంగ్ ది స్టార్స్' (2018) అంతరిక్షానికి వెళ్ళిన మొదటి నల్లజాతి మహిళ మే జెమిసన్ బాల్యాన్ని చిత్రిస్తుంది. దీనికి స్టేషియా బరింగ్టన్ బొమ్మలు వేసింది. పెద్దయ్యాక శాస్త్రవేత్తను అవుతానని చిన్నతనంలో మే చెప్పినప్పుడు, నర్సును అవుతానని కాబోలు నీ ఉద్దేశం అని ఉపాధ్యాయిని సవరించబోయిందని జెమిసన్ స్వయంగా పలుమార్లు చెప్పింది. ఈ కథకు ఆ సంఘటనే కీలకం. ఉపాధ్యాయిని చెడ్డ మనిషి కాదు. నర్సు వృత్తిలోనూ తక్కువతనం లేదు. పిల్ల కోరుకొన్న దానికి బదులుగా ఆడపిల్లకు తగినదని లోకం నిర్ణయించిన దానిని చేతికి అందించడమే అక్కడ జరిగిన లోపం. ఇటువంటి మాట కోపంగా గాక ఆప్యాయంగా వచ్చినప్పుడు పిల్లలు దానిని కాదనడం మరింత కష్టం. ఉపాధ్యాయులు ఈ పుస్తకాన్ని చదవవలసిన కారణం కూడా ఇదే. మే తరువాత రసాయన ఇంజనీరింగు, వైద్యం చదివి, 1992 సెప్టెంబరు 12న ఎండీవర్ నౌకలో ప్రయాణించింది.

ఖగోళ పరిశీలకులు

అంతరిక్షయానానికి ముందు కాలపు స్త్రీలను గురించి కూడా ఇటువంటి పుస్తకాలు ఉన్నాయి. డెబొరా హాప్కిన్సన్ రచన 'మరియాస్ కామెట్' (1999) 1847లో తోకచుక్కను కనుగొన్న మరియా మిచెల్ బాల్యం ఆధారంగా అల్లిన కథ. ఎమిలీ ఆర్నల్డ్ మెక్‌కల్లీ వ్రాసి బొమ్మలు వేసిన 'కరొలైన్స్ కామెట్స్' (2017) ఎనిమిది తోకచుక్కలను కనుగొన్న కరొలైన్ హెర్షెల్ గురించినది. ఆమెకు బ్రిటిషు రాజు 1787 నుండి సంవత్సరానికి 50 పౌన్లు జీతం ఏర్పాటు చేశాడు. ఆలిస్ మెక్‌గింటీ రచన 'ది గర్ల్ హు నేమ్డ్ ప్లూటో' (2019) 1930లో కొత్తగా కనుగొన్న గ్రహానికి పేరు సూచించిన పదకొండేళ్ళ వెనీషియా బర్నీ కథ. ప్లూటోను 2006లో మరుగుజ్జు గ్రహాల జాబితాలోకి మార్చారు.

కల్పిత కథలు

ఆండ్రియా బీటీ వ్రాసి డేవిడ్ రాబర్ట్స్ బొమ్మలు వేసిన 'రోజీ రివియర్, ఇంజనీర్' (2013), 'అడా ట్విస్ట్, సైంటిస్ట్' (2016) చాలా ప్రచారం పొందినాయి. రోజీ తయారుచేసిన ఎగిరే యంత్రం క్షణకాలం లేచి కూలిపోతుంది. ఆ వైఫల్యమే తరువాతి ప్రయత్నానికి మొదటి మెట్టు అని కథాసారాంశం. వ్యోమగామి కేట్ రూబిన్స్ ఈ పుస్తకాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చదివి వినిపించింది. అడా పూర్తి పేరు అడా మేరీ ట్విస్ట్. అడా లవ్‌లేస్, మేరీ క్యూరీల పేర్లు ఇందులో కలిసి ఉన్నాయి. అడా ఒక దుర్వాసనకు కారణం వెదుకుతూ ప్రశ్న, ఊహ, పరీక్ష అనే క్రమాన్ని అనుసరిస్తుంది. కథ ముగిసే వరకు సమాధానం దొరకకపోవడం ఇందులోని విశేషం.

బ్రిటన్‌లో నేథన్ బ్రయన్ వ్రాసి డాపో అడియోలా బొమ్మలు వేసిన 'లుక్ అప్!' (2019) లో రాకెట్ అనే బాలిక ఉల్కాపాతం చూడడానికి ఊరందరినీ ఆహ్వానిస్తుంది. చేతిలోని ఫోను నుండి తల ఎత్తని అన్నను కూడా వెంటబెట్టుకు వెళుతుంది. ఈ పుస్తకానికి 2020లో వాటర్‌స్టోన్స్ బాలల పుస్తక బహుమతి లభించింది.

బొమ్మలు, శాస్త్ర విషయాలు

అంతరిక్షాన్ని పేజీలో ఇమిడ్చేటప్పుడు చిత్రకారులు కొలతలను మార్చక తప్పదు. భూమిని ఒక సెంటీమీటరు వ్యాసం గల గోళంగా గీస్తే, చంద్రుడు సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో, పావు సెంటీమీటరు కంటే కొంచెం పెద్దదైన గోళంగా ఉండాలి. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అదే బొమ్మలో భూమికి ఒక మిల్లీమీటరులో మూడవ వంతు ఎత్తున మాత్రమే ఉంటుంది. ఇది చాలా పుస్తకాలలో భూమికి చాలా దూరంగా కనిపిస్తుంది. ఒక నిమ్మకాయ, ఒక బఠాణీ గింజ, ఒక కొలబద్ద ఉంటే తరగతి గదిలోనే ఈ దూరాలను పిల్లల చేత వేయించవచ్చు. నిమ్మకాయ వ్యాసానికి ముప్పై రెట్ల దూరంలో బఠాణీని ఉంచితే సరిపోతుంది.

తేలియాడే వ్యోమగామి బొమ్మ చూసి, అక్కడ భూమి ఆకర్షణ లేదని పిల్లలు అనుకోవడం సహజం. నిజానికి ఆ ఎత్తులో భూమి ఆకర్షణ నేలమీద ఉన్నదానిలో సుమారు పది వంతులలో తొమ్మిది వంతులు ఉంటుంది. నౌక, అందులోని మనుషులు కలిసి భూమివైపు పడుతూ, అదే సమయంలో వేగంగా ప్రక్కకు సాగుతూ ఉండటం వలన భారరహిత స్థితి కలుగుతుంది. ఉల్కాపాతం విషయం కూడా ఇటువంటిదే. రాలేవి నక్షత్రాలు కావు. తోకచుక్కలు విడిచిన ధూళికణాలు వాతావరణంలో వేడెక్కి వెలుగుతాయి. ఏటా ఆగస్టులో కనిపించే పెర్సీడ్ ఉల్కలు స్విఫ్ట్-టటిల్ అనే తోకచుక్క నుండి వచ్చినవి.

పిల్లల ఊహలో శాస్త్రవేత్త

శాస్త్రవేత్త బొమ్మ గీయమని పిల్లలను అడిగి వారి ఊహలను తెలుసుకొనే పరీక్ష ఒకటి ప్రసిద్ధం. 1983లో డేవిడ్ ఛాంబర్స్ ప్రచురించిన పరిశోధనలో 4,807 మంది పిల్లలు గీసిన బొమ్మలలో 28 మాత్రమే స్త్రీలవి. ఆ 28ని గీసినవారు కూడా బాలికలే. 2018లో డేవిడ్ మిల్లర్, సహచరులు అమెరికాలో ఐదు దశాబ్దాలలో జరిగిన 78 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. వీటిలో ఇరవై వేలకు పైగా పిల్లల బొమ్మలు ఉన్నాయి. 1980ల తరువాతి అధ్యయనాలలో స్త్రీ శాస్త్రవేత్తను గీసిన వారు సగటున 28 శాతం ఉన్నారు. అయితే పిల్లల వయసు పెరిగిన కొద్దీ పురుషుల బొమ్మలే ఎక్కువవుతున్నట్లు కూడా తేలింది. ఈ మార్పుకు బొమ్మల పుస్తకాలొక్కటే కారణమని చెప్పడానికి వీలులేదు. శాస్త్ర రంగాలలో స్త్రీల సంఖ్య పెరగడం, పత్రికలు, టెలివిజన్ వంటివన్నీ ఇందులో భాగమే. కాని పసివయసులో ఉన్న సమభావన బడిలో పై తరగతులకు పోయేకొద్దీ తగ్గిపోవడం గమనించదగిన విషయం. చిన్న తరగతులలో చదివించిన పుస్తకం అక్కడితో ఆగిపోతే ప్రయోజనం కొద్దిదే.

విమర్శ

ఈ పుస్తకాలపై ప్రధాన విమర్శ, అనేకమంది చేసిన పనిని ఒక్కరి ఘనతగా చూపడం. 'కౌంటింగ్ ఆన్ కాథరిన్' పుస్తకం ఉపశీర్షిక ఆమె అపోలో-13ను కాపాడిందని చెబుతుంది. 1970 ఏప్రిల్‌లో ప్రమాదానికి గురైన ఆ నౌక సురక్షితంగా తిరిగి రావడంలో ఆమె పూర్వం రూపొందించిన ప్రత్యామ్నాయ గణనలు తోడ్పడినాయి. కాని ఆ ప్రయత్నంలో ఎందరో ఇంజనీర్లు, నియంత్రణ కేంద్రం సిబ్బంది, వ్యోమగాములు పాల్గొన్నారు. అపోలో కంప్యూటర్ పనులకు ప్రాధాన్యాన్ని నిర్ణయించే పద్ధతి కూడా ఒక బృందం కృషి. ఆ కంప్యూటర్ స్థిర జ్ఞాపకశక్తిని సన్నని తీగలతో చేతితో అల్లినవారు కర్మాగారంలోని స్త్రీ కార్మికులు. ఒకే నాయిక చుట్టూ కథ అల్లినప్పుడు అటువంటి వారి శ్రమ కనుమరుగవుతుంది. మరుగున పడిన వారిని వెలుగులోకి తేవడానికి పుట్టిన పుస్తకం మరికొందరిని మరుగుపరచడం ఉచితం కాదు. నలుగురి కథను కలిపి చెప్పిన 'హిడెన్ ఫిగర్స్' ఈ లోపాన్ని కొంతవరకు తగ్గించుకొంది.

పట్టుదల ఉంటే చాలు అన్న ముగింపు మరొక విమర్శకు గురైంది. కాథరిన్ జాన్సన్‌కు తెలివి, పట్టుదల పుష్కలంగా ఉన్నా, చదువు కోసం కుటుంబం ఊరు మారవలసి వచ్చింది. అడ్డంకిని ఉన్నదున్నట్లు చెప్పని కథ, విజయం పొందలేని పిల్లలు తప్పు తమదేననుకొనే ప్రమాదం ఉంది.

భారతదేశంలో, తెలుగులో

కల్పనా చావ్లా 1997 నవంబరు 19న కొలంబియా నౌకలో వెళ్ళి, అంతరిక్షంలో ప్రయాణించిన భారతదేశంలో జన్మించిన మొదటి మహిళ అయింది. 2003 ఫిబ్రవరి 1న అదే నౌక కూలి మరణించింది. ఆంధ్ర ప్రదేశ్‌లో జన్మించిన బండ్ల శిరీష 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో ప్రయాణించింది. 2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగిన చంద్రయాన్-3కు కల్పన కాళహస్తి అసోసియేట్ ప్రాజెక్టు డైరెక్టరుగా వ్యవహరించింది. శ్రీహరికోట ప్రయోగ కేంద్రం ఆంధ్ర ప్రదేశ్‌లోనే ఉన్నది. కనుక తెలుగు పిల్లలకు ఈ విషయం దూరదేశపు వార్త కాదు.

నందితా జయరాజ్ రచనగా ప్రథమ్ బుక్స్ ప్రచురించిన 'అన్నాస్ ఎక్స్‌ట్రార్డినరీ ఎక్స్‌పెరిమెంట్స్ విత్ వెదర్' వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి గురించిన బొమ్మల పుస్తకం. అన్నా మణి 1918 ఆగస్టు 23న, అనగా కాథరిన్ జాన్సన్ కంటే మూడు రోజుల ముందు, కేరళలోని పీరుమేడులో జన్మించింది. ఎనిమిదవ పుట్టినరోజుకు ఇవ్వబోయిన వజ్రపు కమ్మలను కాదని విజ్ఞాన సర్వస్వం సంపుటాలు కోరుకొన్నదని ప్రసిద్ధి. 1963లో విక్రమ్ సారాభాయి కోరికపై తుంబా రాకెట్ ప్రయోగ కేంద్రంలో వాతావరణ పరిశీలన పరికరాలను ఏర్పాటు చేసింది.

2004లో ఏర్పడిన ప్రథమ్ బుక్స్ లాభాపేక్ష లేని సంస్థ. అది 2015 సెప్టెంబరులో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో పిల్లల కథలను స్వేచ్ఛా లైసెన్సుతో ఉంచుతున్నారు. ఎవరైనా వాటిని చదువుకోవచ్చు, ముద్రించుకోవచ్చు, తమ భాషలోకి అనువదించవచ్చు. తెలుగు కథలు కూడా అందులో ఉన్నాయి. విదేశీ పుస్తకాల ధర సామాన్య పాఠశాలలకు అందుబాటులో ఉండదు కనుక, తెలుగు బాలికలకు ఇటువంటి పుస్తకాలు చేరడానికి ఈ మార్గం అనుకూలమైనది.

కొన్ని ముఖ్యమైన పుస్తకాలు

టు స్పేస్ అండ్ బ్యాక్ (1986) - సాలీ రైడ్, సూసన్ ఓకీ
ది మ్యాజిక్ స్కూల్ బస్ లాస్ట్ ఇన్ ది సోలార్ సిస్టమ్ (1990) - జొయానా కోల్
మరియాస్ కామెట్ (1999) - డెబొరా హాప్కిన్సన్
రోజీ రివియర్, ఇంజనీర్ (2013) - ఆండ్రియా బీటీ
అడా ట్విస్ట్, సైంటిస్ట్ (2016) - ఆండ్రియా బీటీ
మార్గరెట్ అండ్ ది మూన్ (2017) - డీన్ రాబిన్స్
కరొలైన్స్ కామెట్స్ (2017) - ఎమిలీ ఆర్నల్డ్ మెక్‌కల్లీ
హిడెన్ ఫిగర్స్ (2018) - మార్గట్ లీ షెటర్లీ
కౌంటింగ్ ఆన్ కాథరిన్ (2018) - హెలెయిన్ బెకర్
మే అమాంగ్ ది స్టార్స్ (2018) - రోడా అహ్మద్
ఎ కంప్యూటర్ కాల్డ్ కాథరిన్ (2019) - సుజాన్ స్లేడ్
ది గర్ల్ హు నేమ్డ్ ప్లూటో (2019) - ఆలిస్ మెక్‌గింటీ
లుక్ అప్! (2019) - నేథన్ బ్రయన్